తలుపు తీయని కథ

దెయ్యం ఒక్కసారి కూడా కనిపించని కథ నూట ఇరవై ఏళ్లుగా పాఠకులను ఎలా భయపెడుతోంది? ఇంగ్లిష్ రచయిత డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా' చదివినవాళ్లకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. జేకబ్స్‌కు పేరు తెచ్చినవి నావికుల మీద, రేవుల మీద రాసిన హాస్య కథలు. ఈ కథ కోసం ఆయన పోగుచేసుకున్నదీ కొంచెమే. ఒక ఇల్లు, వయసు మళ్లిన దంపతులు, వాళ్ల కొడుకు, ఎండిపోయిన కోతి చెయ్యి. అంతే.

నాకు తోచిన జవాబు ఇది. ఉత్కంఠ, భయం ఒకే దారిన రావు. ఉత్కంఠ పుట్టాలంటే పాఠకుడికి ముందే చెప్పాలి. భయం పుట్టాలంటే ఒక్కటి మాత్రం చెప్పకుండా వదిలేయాలి. మంచి కథకుడు ఈ రెండు పనులూ ఒకే కథలో, ఒకదాని పక్కన ఒకటి చేస్తాడు.

ముందే చెప్పేస్తే ఉత్కంఠ పోదా?

పోదు, పెరుగుతుంది. సినిమా దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీన్ని ఒక ఉదాహరణతో వివరించేవాడు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలిందనుకోండి. ప్రేక్షకుడు కొన్ని క్షణాలు ఉలిక్కిపడతాడు, అంతే. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చూపించి, ఆ ఇద్దరికీ తెలియనివ్వకపోతే, అదే పిచ్చాపాటీ పావుగంట సేపు ఊపిరాడనివ్వదు.

జేకబ్స్ బాంబును మొదటి భాగంలోనే చూపించేశాడు. ఇరవై ఒక్క ఏళ్లు ఇండియాలో పనిచేసి వచ్చిన సార్జెంట్ మేజర్ మోరిస్ ఆ కోతి చేతిని వైట్ గారింటికి తెస్తాడు. ఎవరో ఫకీరు మంత్రించినది, ముగ్గురు మనుషులకు మూడేసి కోరికలు తీరుస్తుంది. మొదటి మనిషి మూడో కోరికగా చావు అడిగాడని మోరిస్ చెబుతాడు. ఆ మాట చెవిన పడ్డాక ఈ కథలో మంచి జరగదని మనకు తెలిసిపోతుంది. వైట్ గారికి తెలిసినా పట్టించుకోడు. కొడుకు హెర్బర్ట్ సరదాగా ఎగదోస్తే 200 పౌండ్లు కోరతాడు. డబ్బు ఏదీ కనపడటం లేదే, నేనెప్పటికీ చూడనని పందెం అంటాడు హెర్బర్ట్. ఆ మాట అక్షరాలా నిజమవుతుంది.

మర్నాడు మంచి బట్టలు వేసుకున్న ఒక అపరిచితుడు గేటు దగ్గర తచ్చాడుతుంటాడు. లోపలికి రాబోతాడు, ఆగుతాడు. మూడుసార్లు అలా ఆగి నాలుగోసారి వస్తాడు. మిసెస్ వైట్ మనసంతా ఆ 200 పౌండ్ల మీదే ఉంది, ఆయన డబ్బు తెచ్చాడేమో అని ఆశ. మనం మాత్రం ఆయన నోరు విప్పకముందే గ్రహిస్తాం. కొడుక్కి దెబ్బలు గట్టిగా తగిలాయి గానీ ఇప్పుడు నొప్పి లేదు అంటాడు వచ్చినాయన. ఆ తల్లి దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. ఆ తర్వాత అర్థమవుతుంది. మనకు ముందే అర్థమై, ఆవిడకు ఇంకా అర్థం కాని ఆ రెండు మూడు వాక్యాలే కథలో నా గుండెను అన్నిటికన్నా గట్టిగా పిండేవి. హెర్బర్ట్ ఫ్యాక్టరీ యంత్రంలో చిక్కుకుని చనిపోయాడు. కంపెనీ ఇస్తానన్న పరిహారం సరిగ్గా 200 పౌండ్లు.

ఇండియా, ఫకీరు అనగానే మాయమంత్రాలు అనుకునే అలవాటు ఆనాటి ఇంగ్లండ్ పాఠకులకు ఉంది, జేకబ్స్ దాన్ని వాడుకున్నాడు. కథలో బలహీనమైన భాగం అదేనని నా అభిప్రాయం. ఇప్పటికీ మనల్ని వణికించేది ఫకీరు మంత్రం కాదు, బాధ్యత మాది కాదంటూనే లెక్కకట్టి ఇచ్చిన ఆ పరిహారం.

చూపించకపోతే భయం ఎలా పెరుగుతుంది?

రెండు చిన్న వివరాలు చూడండి. కొడుకును ఖననం చేసిన శ్మశానం ఇంటికి రెండు మైళ్ల దూరం. జేకబ్స్ దీన్ని ఏ ఒత్తిడీ లేకుండా, ఊరి సంగతి చెప్పినట్టు చెప్పి దాటిపోతాడు. కొడుకు తిరిగి బతకాలని కోరమని భార్య పట్టుబట్టిన రాత్రి భర్త ఇంకో మాట బయటపెడతాడు. శవాన్ని తాను ఒంటి మీది బట్టలు చూసి మాత్రమే పోల్చుకోగలిగానని. యంత్రం ఏం చేసిందో రచయిత ఇంతకు మించి ఒక్క ముక్క చెప్పడు.

అయినా రెండో కోరిక కోరతాడు. ఏమీ జరగదు. కొవ్వొత్తి ఆరిపోతుంది, హమ్మయ్య అనుకుని ముసలాయన పక్క మీదికి చేరతాడు. అప్పుడు వీధి తలుపు మీద చప్పుడు. శ్మశానం రెండు మైళ్లు కదా, ఆ సంగతే మర్చిపోయానంటుంది ఆ తల్లి సంబరంగా. ఇన్ని పేజీలూ ఊరికే పడి ఉన్న దూరం ఒక్కసారి నడకగా మారిపోతుంది. పది రోజుల కిందట చనిపోయి, బట్టలను బట్టి తప్ప పోల్చలేని స్థితిలో ఉన్నవాడు అంత దూరం నడిచి వచ్చాడు. ఈ వాక్యం కథలో ఎక్కడా లేదు, మీరూ నేనూ మనసులో రాసుకున్నదే. అందుకే దాని నుంచి తప్పించుకోలేం.

భార్య పైగడియ అందక కుర్చీ లాక్కుంటుంది, భర్త చీకట్లో నేల మీద కోతి చేతి కోసం తడుముకుంటాడు. గడియ తీసే చప్పుడు వినిపించిన క్షణానికి చెయ్యి దొరుకుతుంది. మూడో కోరిక ఏమిటో కూడా రచయిత మాటల్లో పెట్టలేదు. తలుపు తీసేసరికి వీధి ఖాళీ. తలుపు అవతల ఉన్నదాన్ని వర్ణించి ఉంటే అది ఒక్క ఆకారమై మిగిలేది. వర్ణించలేదు గనుక ఎవరి భయం ఏ రూపంలో ఉంటే ఆ రూపమే అక్కడ నిలబడింది.

కథ చెప్పేవాడినే నమ్మలేకపోతే?

అది ఎడ్గార్ ఎలన్ పో దారి. 1843 నాటి 'ది టెల్-టేల్ హార్ట్'లో హంతకుడే కథ చెబుతాడు, తనకు పిచ్చి లేదని నిరూపించుకోవడానికి. తలుపు సందులోంచి తల లోపలికి పెట్టడానికి గంటసేపు పట్టిందని గర్వంగా చెప్పుకుంటాడు, అదే తన తెలివికి రుజువట! నేల పలకల కింద శవం ఉందని మనకు తెలుసు, సరిగ్గా వాటి మీదే కుర్చీ వేసుకుని పోలీసులతో కబుర్లాడతాడు. అతనికి వినిపిస్తున్న గుండె చప్పుడు ముసలివాడిదా, తనదా అన్నది పో తేల్చలేదు. ఏడాది ముందు, హాథార్న్ కథలను సమీక్షిస్తూ, ఒక్క బిగిన చదవగలిగే రచనలోనే ఒకే అనుభూతిని చివరిదాకా చెదరకుండా నిలపవచ్చని పో వాదించాడు. పుస్తకం మూసి అన్నం తినడానికి లేచామా, తిరిగొచ్చేసరికి ఆ బిగువు సడలిపోతుంది.

పట్టపగలు కూడా భయపెట్టవచ్చా?

షిర్లీ జాక్సన్ చేసి చూపించింది. 'ది లాటరీ' 1948 జూన్ 26 నాటి న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. కథ నడిచేది జూన్ 27 ఉదయం, వేసవి ఎండలో, మూడు వందల మంది ఉన్న ఊళ్లో. ఏటా జరిగే చీట్ల పండగ. మొదటి పేజీలోనే పిల్లలు రాళ్లు ఏరుతుంటారు. జాక్సన్ ఏమీ దాచలేదు, పిల్లలాటే కదా అని మనమే పక్కన పెట్టేస్తాం. ఆ వేసవిలో ఆమెకు మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి, చాలావరకు కోపంతో, దిగ్భ్రాంతితో రాసినవే. ఇలాంటి లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్లి చూడవచ్చా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

ముగింపు తెలిశాక మళ్లీ చదివితే భయం ఉంటుందా?

ఈ కథ రెండోసారే ఎక్కువ భయపెడుతుందని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఇప్పుడు బాంబు ఎక్కడుందో మనకు తెలుసు. టెస్సీ హచిన్‌సన్ ఆలస్యంగా వచ్చి, రోజు సంగతే మర్చిపోయానంటూ మిసెస్ డెలాక్రాయ్‌తో కలిసి నవ్వుతుంది. మొదటిసారి అది ఇరుగుపొరుగు ఆడవాళ్ల చనువులా కనిపిస్తుంది. చివర్లో చీటీ టెస్సీకి వచ్చినప్పుడు, ఆమెను కొట్టడానికి రెండు చేతులా ఎత్తాల్సినంత పెద్ద రాయి ఎంచుకునేది ఆ డెలాక్రాయే. టెస్సీ పసికొడుకు డేవీ చేతిలోనూ ఎవరో నాలుగు గులకరాళ్లు పెడతారు. ఎవరు పెట్టారో జాక్సన్ చెప్పలేదు.