ఎటు చదివినను ఒక్కటే

ఉర్దూను కుడినుండి, తెలుగును ఎడమనుండి చదువుకొను మన కళాశాలకు 12345654321 దగ్గర చుట్టమని మాకు తోచును. ఎటునుండి చదివినను అది మారదు. (ఉర్దూలోను అంకెలను ఎడమనుండియే వ్రాయుదురు గాని, ఈ సంఖ్యకు ఆ చింతయే లేదు.)

క్రీ.శ. 9వ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహము’లో 27994681ని 441చే గుణించి దీనిని రాబట్టెను. ఇట్టి కొన్ని లబ్ధములను కంఠాభరణములనెను. ఆనాటి రాజధాని మాన్యఖేటము మన ఆదోనికి ఉత్తరమున, తుంగభద్రా కృష్ణా నదుల కావల నున్నది. ఆ గ్రంథమును తెనిగించినవాడు పావులూరి మల్లన.

ఇందు మాయ లేదు. 441 అనగా 21 యొక్క వర్గము. 27994681 అనగా 5291 యొక్క వర్గము. 21ని 5291చే గుణించిన 111111 వచ్చును. కావున మన సంఖ్య 111111 యొక్క వర్గమే. కాగితముపై గుణించి చూడుడు. ఆరేసి ఒకట్ల వరుసలు ఆరు, ఒక్కొక్క స్థానము జరుగుచు మెట్లవలె దిగును. నిలువున కూడగా నడుమ 6. అటునిటు తగ్గుచు కొసల 1. ఎమ్మిగనూరు మగ్గముపై చీరకు రెండంచులు ఒకే తీరున పడినట్లుండును.

ఈ అందము తొమ్మిది ఒకట్ల వరకే. పోలిక చూచి ఊహించు విద్యార్థి పదియవచోట తప్పును. వరుసలు వేసి కూడినవాడు తప్పడు. అచ్చట నడిమి మొత్తము పది. సున్న వేసి, చేతిలో ఒకటి ఎడమకు పోవును. వచ్చునది 1234567900987654321.