నిమ్మగడ్డి నూనెను శుద్ధిగా తీయుట

కలకండ చేయువారు పంచదారను వేడినీటిలో కరిగించి, ఆ పాకమును కదల్చక మెల్లగా చల్లారనిత్తురు. పంచదార దారమును పట్టుకొని పలుకులు కట్టును. మలినము పాకములోనే నిలిచిపోవును. నిమ్మగడ్డి నూనె ఇట్లు పలుకు కట్టదు గనుక, దానిని ఆవిరిగా మార్చి మరల చల్లార్చి పట్టుకొనవలెను. దీనినే బట్టీ పట్టుట అందురు.

ఈ నూనెకు వెల తెచ్చునది సిట్రాల్ అను పదార్థము. మంచి నూనెలో అది నూటికి 70 పాళ్లకు పైగా ఉండును. అది మరుగుటకు సుమారు 229 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. గడ్డిని అంతగా కాల్చినచో మీకు మిగులునది మాడువాసనయే. కాని నూనె నీటిలో కరగదు. అట్టి నూనెకు నీటియావిరి తగిలినప్పుడు రెండింటి ఆవిరి ఒత్తిడులు కూడి, 100 డిగ్రీలకు కొంచెము లోపలనే రెండును కలిసి పైకి లేచును. బట్టీ నడచుటకు ఆధారము ఇదే.

కావున కాగు అడుగున నీరు, దానిపై చిల్లుల పళ్లెము, ఆపైన గడ్డి ఉండవలెను. గడ్డి నీటిని గాని అడుగును గాని తాకరాదు. కోసిన గడ్డిని ఒక దినము నీడలో పలుచగా పరచి వడలనిండు. కుప్ప వేసిన కుళ్లును. వడలిన గడ్డి కాగులో ఎక్కువ పట్టును, వంటచెరకు కలిసివచ్చును. గడ్డిని అంతట సమముగా అదమవలెను. ఒక ప్రక్క వదులుగానున్నచో, గట్టుకు ఎలుకబొక్క పడినప్పుడు నీరు పోయినట్లు, ఆవిరియంతయు అక్కడినుండియే పోవును; తక్కిన గడ్డిలోని నూనె గడ్డిలోనే ఉండును.

త్వరగా ముగించవలెనని మంట పెంచువారు కలరు. బట్టీవద్ద నష్టము ఎక్కువగా ఇందువలననే కలుగుచున్నదని నా అభిప్రాయము. గొట్టము చివర కారు నీరు చేతికి వేడిగా తగిలిన, మీ నూనె గాలిలో కలిసిపోవుచున్నదన్నమాట. మంట తగ్గించండి, తొట్టిలో చన్నీరు మార్చండి.

నూనె నీటికంటె తేలిక. పాత్రలో పైకి తేలును. అడుగు నీటిని తీసివేసినను నూనెలో కొంత తడి మిగులును. తేమలేని సోడియం సల్ఫేటు కొద్దిగా వేసి, కొంతసేపు ఉంచి, వడగట్టండి. నూనెకు ఇనుము తగలనీయకండి, రంగు చెడును. వెలుతురు సోకని సీసాలలో మెడవరకు నింపి మూత బిగించండి. పాత నూనెను కొత్తదానిలో కలపకండి.