పాడే గొంతుకు పసుపు పాలు

మెట్‌పల్లి, కోరుట్లల వలెనే మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కూడా పసుపు పంట ఎక్కువ. కొమ్ములు ఉడకబెట్టే రోజుల్లో లేచే ఆ ఘాటైన వాసన నా బాల్యాన్ని కళ్లముందు నిలుపుతుంది. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతక పద్యాలను మా బాపు హార్మోనియం పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నేటికీ భజనలలో, పెళ్లిళ్లలో పాడియే జీవిస్తున్నాను.

జొన్నరొట్టె, పచ్చిపులుసు నాకు ప్రాణం. పాడవలసిన నాడు మాత్రం పులుపు ముట్టను. దానివలన గొంతు చెడునో లేదో గాని, మనసొప్పదు.

ఒక కార్తీకమాసంలో గొంతు బొంగురుపోయినది. అతిమధురం మంచిదని నెలకు పైగా రోజూ నమిలాను. బొంగురు తగ్గలేదు సరికదా, తలనొప్పి పట్టుకొన్నది. చూపించగా రక్తపోటు బాగా పెరిగియున్నది! అతిమధురంలోని గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియంను తగ్గిస్తుందట. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు దానిని వాడరాదు. మూడు వారాలు దాటిన బొంగురును గొంతు వైద్యునికి చూపవలసినదే. నాకు స్వరతంత్రులపై చిన్న బుడిపెలు కనబడినవి.

కొన్నాళ్లు మౌనం పాటించమన్నారు. పాడి బ్రతికేవానికి మౌనమంటే పస్తే గదా! రెండు పెళ్లిళ్లు వదులుకొన్నాను.

ఇప్పుడు రాత్రివేళ పాలలో చిటికెడు పసుపు, కాస్త మిరియాల పొడి. పాడేముందు గోరువెచ్చని నీరు. శ్రుతి ఒక మెట్టు దించుకొన్నాను. శ్రోతలెవ్వరూ గమనించలేదు. హార్మోనియం వాయించే మా తమ్ముడు మాత్రం నావైపు చూసి నవ్వినాడు.