ఒక్క మూలము, రెండు ప్రతులు

హైదరాబాదునుండి కామారెడ్డికి రైలు కలదు, ఎల్లారెడ్డికి లేదు. ఈ రెండూళ్లకును మార్గసూచిక కావలసినచో మనము ఒక్క మూలమందే రెండు దారులను వ్రాసి, నకలు తీయువేళ అక్కఱలేని దానిని విడువవచ్చును.

1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించిన ‘సీ’ భాషయందును ఇట్టి యేర్పాటు గలదు. ‘డిఫైన్’ అను ఆదేశముచే నిర్వచింపబడిన పేరు మాక్రో. కంపైలరుకంటె ముందు ప్రీప్రాసెసరు మూలమును చదివి, ‘ఇఫ్‌డెఫ్’ పిదపనున్న పేరు నిర్వచింపబడియున్నచో దాని క్రింది భాగమును నిలుపును. లేనిచో ‘ఎల్స్’ భాగమును గైకొనును. ఇట్లు విండోసునకును లినక్సునకును ఒక్క మూలమే చాలును.

అయితే విడువబడిన భాగమును కంపైలరు పరీక్షింపదు. అందలి తప్పు కామారెడ్డి ప్రతిలో కానరాదు. ఎల్లారెడ్డి ప్రయాణికుని దారి తప్పించును. కావున, విద్యార్థులారా, ప్రతి షరతునకును వేఱుగ కంపైలుచేసి పరీక్షింపవలెను.