ఓడలు పోయినా అచ్చులు మిగిలాయి

పెడన: హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో చేనేత ప్రదర్శన పెట్టినప్పుడు కలంకారీ చీరకు బేరమాడే ఆడపడుచులు చాలామందే ఉంటారు. దానిమీది వంకర కొస బాదంకాయ బుటా, నిటారుగా నిలిచిన సైప్రస్ చెట్టు ఎక్కడివని అడిగేవారు తక్కువ. అవి మన గుడి స్తంభాల మీదివి కావు. పర్షియా నుంచి ఓడెక్కి బందరు రేవులో దిగినవి.

గోల్కొండ సుల్తానుల నాడు కోరమాండల్ తీరంలో బందరు పేరుమోసిన రేవు. ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టేనాటికే డచ్చివారు వచ్చి ఉన్నారు. ఒడ్డున లోతు చాలక ఓడలు దూరాన లంగరు వేస్తే, గుడ్డల మూటలు పడవల మీద చేరవేసేవారు. జావా వైపు దీవుల్లో జాజికాయ, లవంగాలకు మారుగా ఈ తీరపు గుడ్డలే ఇచ్చేవారు. పర్షియావారికి ఒక నమూనా, యూరపువారికి మరొకటి. ఎవరు కోరింది వారికి మనవారు అద్ది ఇచ్చారు. ఇంగ్లీషువారి చింట్జ్ మన చీటీగుడ్డే.

గిరాకీ చూసి అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టగా 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు ఈ దిగుమతులపై నిషేధం విధించాయి. మన పనితనానికి ఇంతకన్న యోగ్యతాపత్రం ఏం కావాలి? తరువాత మిల్లుగుడ్డ దెబ్బతీసింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరిమీద పడి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. రేవుకు పాత వైభవం మళ్లీ రాలేదు.

ఆ నమూనాలు మాత్రం పెడన పనివారి టేకు అచ్చులలో నిలిచాయి. పేరు కలంకారీయే గాని ఇక్కడిది అద్దకం పని. కలంతో గీసేది శ్రీకాళహస్తివారు. గుడ్డను పేడనీళ్లలో నానవేసి, ఉతికి, ఎండలో తెల్లబరచి, కరక్కాయ నీరు పట్టిస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీటిని అద్దినచోట నలుపు తేలుతుంది. పటిక అద్దినచోట, గుడ్డను ఎర్రరంగులో ఉడికించినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఈ ఎరుపు చిరివేరుది. నిజాంపట్నం ఇసుక నేలల చిరివేరును నాటి విదేశీ వర్తకులు ఎంతగానో మెచ్చుకున్నారు. నేడు ఎక్కువగా అలిజరిన్ వాడుతున్నారు. మధ్యలో గుడ్డను పారే నీటిలోనే జాడించాలి. నిలవనీరైతే రంగు పాకుతుంది. అందుకే కాలువ కట్టేసిన వేసవిలో పనివారికి తిప్పలు.

అంతకు మించిన తిప్ప స్క్రీన్ ప్రింటుది. అవే పువ్వులను రసాయన రంగులతో చకచకా కొట్టి, కలంకారీ పేరుతోనే చవకగా అమ్మేస్తున్నారు. రోజుల తరబడి పట్టే పనికీ దానికీ బజారులో ఒకటే పేరు! మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నా అది చూసి కొనేవారెందరు? కూలి గిట్టక కొత్తవారు ఈ పనికి రాకపోతే, అచ్చు చెక్కే చేయి కూడా కరువవుతుంది. చెక్క అచ్చు అరిగేది. అరిగినదాన్ని చూసి మరొకటి చెక్కేవాడు లేకపోతే ఆ పువ్వు అంతటితో సరి.

కొనేవారు గుడ్డను తిరగేసి చూడాలి. చేత్తో అద్దిన గుడ్డకు రంగు వెనక్కి దిగి ఉంటుంది. అచ్చుకు అచ్చు కలిసేచోట వెంట్రుకవాసి తేడా కూడా కనబడుతుంది.