గబ్బిలం చెవితో వెతుక్కునే దారి

గబ్బిలాలకు కళ్లు కనిపించవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వాటికి కళ్లున్నాయి, చూపూ ఉంది. పెద్ద చెట్లకు గుంపులుగా తలకిందులుగా వేలాడే పండ్ల గబ్బిలాలైతే చూపుతోనూ వాసనతోనూ మేతకు దారి వెతుక్కుంటాయి. శబ్దంతో పని నడిపేవి వేరు. సందెవేళ వీధి దీపం చుట్టూ, పాత గుడి మండపంలో చటుక్కున మలుపులు తిరుగుతూ పురుగుల్ని పట్టుకునే చిన్న గబ్బిలాలు అవి. కటిక చీకట్లో అవి గోడకు తగలకుండా ఎలా ఎగురుతున్నాయో తేల్చడానికి శాస్త్రవేత్తలకు దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది.

ఇటలీలోని పావియాలో లాజరో స్పలాంజాని అనే శాస్త్రవేత్త 1793లో ఈ ప్రశ్న పట్టుకున్నాడు. దీపం ఆరిపోతే గుడ్లగూబ కూడా గోడలకు తగులుతోంది, గబ్బిలం మాత్రం తగలడం లేదు. అతను కొన్ని గబ్బిలాల కళ్లు పోగొట్టి వదిలాడు. ఈ రోజు మనకు వినడానికే కష్టంగా ఉండే ప్రయోగం అది. ఆ గబ్బిలాలు తాము ఉండే గంటగోపురానికి తిరిగి చేరుకున్నాయి. పట్టి చూస్తే పొట్టల నిండా పురుగులే. జెనీవాలో లూయీ జురీన్ అనే శస్త్రవైద్యుడు మరో అడుగు ముందుకేసి వాటి చెవులు మూసి వదిలాడు. అప్పుడు గబ్బిలాలు ఎదురైన ప్రతిదానికీ తగిలాయి. జవాబు చెవిలోనే ఉందని ఇద్దరికీ అర్థమైంది. కానీ గబ్బిలం చప్పుడు చేయడం ఎవరూ వినలేదు కదా! లేని చప్పుడును చెవి ఏం వింటుంది? ప్రఖ్యాత జీవశాస్త్రవేత్త కువియే ఇదంతా రెక్కల స్పర్శజ్ఞానమే అన్నాడు. పెద్దాయన మాటకు ఉన్న బరువు ప్రయోగ ఫలితానికి లేకపోయింది.

1938లో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్ కొన్ని గబ్బిలాలను పంజరంలో పెట్టుకుని, భౌతికశాస్త్ర ఆచార్యుడు పియర్స్ దగ్గరికి తీసుకెళ్లాడు. మన చెవికి అందని శబ్దాలను పట్టే పరికరం ఆయన దగ్గర ఉంది. దాని ముందు పెట్టేసరికి తేలింది, గబ్బిలాలు ఆగకుండా అరుస్తూనే ఉన్నాయి. తర్వాత గ్రిఫిన్, తోటి పరిశోధకుడు రాబర్ట్ గలంబోస్ కలిసి గదిలో వరుసగా సన్నని తీగలు కట్టి చూశారు. చీకట్లో గబ్బిలాలు వాటి మధ్యనుంచి దూరిపోయాయి. చెవులు మూసినా, నోరు కట్టేసినా తీగలకు తగిలాయి. అరుపూ వినికిడీ రెండూ కావాలన్నమాట. పాత ప్రయోగాల్లో కొరవడిన సగం ఇదే.

ఇంతకీ మనకు ఆ అరుపులు ఎందుకు వినిపించవు? మన చెవి సెకనుకు 20 నుంచి 20 వేల కంపనాల దాకా పట్టుకోగలదు. గబ్బిలాల అరుపులు చాలావరకు అంతకు మించినవి, కొన్ని లక్ష కంపనాలు కూడా దాటుతాయి. అంత కీచుగా అరవడానికి కారణం ఆహారం చిన్నది కావడమే. శబ్ద తరంగం పొడవు కంటే బాగా చిన్నదైన వస్తువు ప్రతిధ్వనిని సరిగా వెనక్కి పంపదు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన 200 కంపనాల శబ్దానికి తరంగం పొడవు 1.7 మీటర్లు. దానికి దోమ ఉన్నా లేనట్టే. లక్ష కంపనాల శబ్దానికైతే ఆ పొడవు 3.4 మిల్లీమీటర్లే. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. కీచు శబ్దాన్ని గాలి త్వరగా మింగేస్తుంది. అందుకే చిన్న పురుగు జాడ గబ్బిలానికి కొద్ది మీటర్ల లోపలే తెలుస్తుంది.

దూరం తెలిసేది సమయాన్ని బట్టి. పురుగు 1.7 మీటర్ల దూరంలో ఉంటే అరుపు వెళ్లి రావడానికి సెకనులో నూరో వంతు పడుతుంది. 17 సెంటీమీటర్లలో ఉంటే వెయ్యో వంతు. ఏ పక్క ఉందో రెండు చెవులకూ చేరే ప్రతిధ్వనిలోని తేడా చెబుతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు సెకనుకు పది అరుపులతో సరిపెట్టుకునే గబ్బిలం, పురుగు దొరికే చివరి క్షణంలో 150కి పైగా అరుస్తుంది. ప్రతి అరుపునూ వెయ్యో వంతు సెకనుకు కుదించేస్తుంది. లేకపోతే కొత్త అరుపు కింద పాత ప్రతిధ్వని నలిగిపోతుంది.

అరుపు బిగ్గరగా ఉంటుంది, కొన్ని జాతుల్లో నోటి ముందు 110 డెసిబెల్స్ దాటుతుంది. తిరిగొచ్చేది మాత్రం అతి సన్నని శబ్దం. సొంత అరుపుకు చెవి దిమ్మెక్కకుండా, అరిచే ముందు మధ్య చెవిలోని కండరం బిగుసుకుంటుంది, ప్రతిధ్వని వచ్చేలోగా వదులవుతుంది. ఈ మొత్తం వ్యవస్థలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఆ చిన్న కండరమే.

గుర్రపు లాడం గబ్బిలాల పద్ధతి వేరు. ముక్కు మీద లాడం ఆకారపు మడత ఉన్న ఈ గబ్బిలాలు ముక్కుతోనే అరుస్తాయి. ఐరోపాలోని పెద్ద జాతి అరుపు సుమారు 83 వేల కంపనాల దగ్గర నిలకడగా సాగుతుంది. మనవైపు దూసుకొచ్చే రైలు కూత హెచ్చు స్థాయిలో వినిపించినట్టే, ఎగురుతున్న గబ్బిలానికి ఎదురుగా వచ్చే ప్రతిధ్వని కూడా హెచ్చుతుంది. సెకనుకు అయిదు మీటర్ల వేగంలో ఆ తేడా దాదాపు మూడు శాతం. చెవికి బాగా పదును ఉన్నది ఆ 83 వేల దగ్గరే కాబట్టి, ప్రతిధ్వని అక్కడే పడేలా గబ్బిలం తన అరుపును అంత మేరకు తగ్గిస్తుంది. 1968లో జర్మన్ శాస్త్రవేత్త ష్నిట్జ్‌లర్ ఈ సర్దుబాటును వెల్లడించాడు. ఆకుల నుంచి వచ్చే ప్రతిధ్వని నిలకడగా ఉంటుంది, రెక్కలాడించే పురుగుది వణుకుతుంది. గుబురు పొదల్లో ఆ వణుకును బట్టే వేట.

వేటాడబడేవి ఊరుకోలేదు. చాలా రకాల దీపపు పురుగులకు గబ్బిలం అరుపు వినగలిగే చెవులు ఉన్నాయి. వినగానే దారి మార్చుకుంటాయి, లేదా కింద పడిపోతాయి. అమెరికాలోని ఒక జాతి పురుగు తానే టకటకమని శబ్దాలు చేసి గబ్బిలం లెక్క తప్పిస్తుందని 2009లో తేలింది. మదురైలో శాస్త్రవేత్తలు మారిముత్తు, నాయ్‌వైలర్ పరిశీలించిన పెద్ద చెవుల గబ్బిలం మరో దారి పట్టింది. కప్ప, ఎలుక కదిలితే నేల మీద వచ్చే అలికిడినే విని వాటి మీద వాలుతుంది.

ఇక ఇంట్లోకి గబ్బిలం వచ్చినప్పుడు ఏం చేయాలన్నది. జుట్టులో చిక్కుకుంటుందన్న భయం వద్దు. సన్నని తీగలను తప్పించుకునే జీవికి మీ తల ఎక్కడుందో తెలుసు. గదిలో గిరగిరా తిరిగేది బయటికి వెళ్లే సందు కోసం. ముందు ఫ్యాన్ ఆపండి, తర్వాత లైటు ఆర్పి, తలుపులూ కిటికీలూ తెరిచి కదలకుండా నిలబడండి. చీపురుతో కొట్టకండి. కింద పడి ఉంటే ఒట్టి చేత్తో ముట్టుకోకండి, కరవవచ్చు. మందపాటి గుడ్డతో పట్టి కాస్త ఎత్తు మీద పెట్టండి. చాలా జాతులు నేల మీదనుంచి తేలిగ్గా ఎగరలేవు.