బలం పెరిగేది విశ్రాంతి రోజునే

పిల్లలూ! "పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అనే సామెత అమ్మమ్మ నోటో నాయనమ్మ నోటో మీరు వినే ఉంటారు. సైకిల్ తొక్కేవాళ్ళు ఈ సామెతను కాస్త మార్చుకోవాలి. పరుగెత్తాలి, నిలబడాలి కూడా. ఎప్పుడు ఏది చేయాలో తెలుసుకోవడమే సాధన.

మనం ఉంటున్న ఈ దీవులకు సైకిల్ పందేల్లో మంచి పేరుంది. కార్ నికోబార్‌కు చెందిన డెబోరా హెరాల్డ్ 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తొమ్మిదేళ్ళ పాప. చెట్టును పట్టుకుని రోజుల తరబడి ప్రాణాలు నిలుపుకుంది. పెద్దయ్యాక ట్రాక్ సైక్లింగ్‌లో దేశానికి ఆడింది. 2015లో 500 మీటర్ల టైమ్ ట్రయల్ ప్రపంచ ర్యాంకుల్లో నాలుగో స్థానానికి చేరింది. నికోబార్ కుర్రాడే అయిన ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో కెయిరిన్ అనే పందెంలో వెండి పతకం గెలిచాడు. మరుసటి ఏడాది జర్మనీలో టీమ్ స్ప్రింట్ బంగారు పతకం సాధించిన భారత జూనియర్ జట్టులోనూ ఉన్నాడు.

ఇలాంటివి విన్నాక మనకూ ఉత్సాహం వస్తుంది. అక్కడే ఒక చిక్కు కూడా మొదలవుతుంది. నేను పనిచేసిన దాదాపు ప్రతి ఊళ్ళోనూ రీజినల్ స్పోర్ట్స్ మీట్ దగ్గర పడగానే ఒకే సంగతి చూశాను. అప్పటిదాకా వారానికి రెండు రోజులు సాధన చేసిన పిల్లలు ఒక్కసారిగా రోజూ ఉదయం, సాయంత్రం మొదలుపెడతారు. పది రోజులయ్యేసరికి ఒకరికి మోకాలి నొప్పి, ఇంకొకరికి జ్వరం. తీరా మీట్ రోజున గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వస్తుంది. వాళ్ళు చేసిన కష్టం తక్కువేమీ కాదు. ఆ కష్టం ఒంటికి పట్టడానికి సమయం దొరకలేదు, అంతే.

సైకిల్‌కు బలం ఎందుకు?

ట్రాక్ సైకిల్‌కు బ్రేకులు ఉండవు, మార్చుకునే గేర్లు కూడా ఉండవు. ఆగి ఉన్న సైకిల్‌ను ఒక్క ఉదుటున కదిలించాలంటే తొడల్లో, పిరుదుల్లో, నడుములో బలం కావాలి. మనకు ట్రాక్ సైకిల్ లేకపోయినా శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్) రోడ్లున్నాయి కదా! అబర్డీన్ బజారు నుంచి ఏ వైపు వెళ్ళినా ఎక్కడో ఒకచోట ఎత్తు ఎదురవుతుంది. ఆ ఎత్తులు ఎక్కడానికి తొక్కడం ఒక్కటే చాలదు, కాళ్ళ బలం కూడా పెంచుకోవాలి.

దానికి జిమ్ అక్కర్లేదు. పూర్వం మన ఊళ్ళలోని తాలింఖానాల్లో దండాలు, బస్కీలు తీసేవారు. మీకు బాగా తెలిసిన గుంజీలు కూడా ఆ బస్కీలకు దగ్గరి చుట్టాలే. చెవులు వదిలేసి, నడుము నిటారుగా ఉంచి, మెల్లగా కూర్చుని లేస్తే శిక్ష కాస్తా వ్యాయామం అవుతుంది! వీటితోపాటు మెట్టు మీదకు ఒక్కో కాలితో ఎక్కి దిగడం, మడమలు పైకెత్తి దించడం, ప్లాంక్ చేస్తే చాలు. మొదట ఒక్కొక్కటి పదేసి చొప్పున రెండు విడతలు చేయండి. వారం వారం ఒకటో రెండో పెంచండి. బరువులు ఎత్తాలనిపిస్తే మాత్రం గేమ్స్ సార్ పక్కన ఉండి నేర్పాలి.

కండరంలో ఏం జరుగుతుంది?

మీ క్వార్టర్స్ దగ్గర ఎప్పుడైనా ఇల్లు కట్టడం చూశారా? స్లాబు వేసిన మర్నాడే సెంట్రింగ్ తీసెయ్యరు. రోజుల తరబడి నీళ్ళు పెడతారు. చూసేవాళ్ళకు అక్కడ పనేమీ జరగనట్టే ఉంటుంది. నిజానికి స్లాబు గట్టిపడేది అప్పుడే.

కండరం సంగతీ అంతే. కష్టమైన వ్యాయామం చేసినప్పుడు కండరాల పోగుల్లో కంటికి కనిపించనంత చిన్న చిన్న చీలికలు వస్తాయి. వాటిలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే ఇంధనం ఖర్చయిపోతుంది. అంటే వ్యాయామం పూర్తయిన క్షణాన మనం మొదలుపెట్టినప్పటి కంటే బలహీనంగా ఉంటాం! ఆ తరువాత తిండి, నీళ్ళు, నిద్ర అందితే శరీరం మరమ్మతు మొదలుపెట్టి, పోగులను ముందుకంటే కాస్త గట్టిగా తయారు చేస్తుంది. గట్టి వ్యాయామం తరువాత ఈ పనికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మరమ్మతు సగంలో ఉండగానే మళ్ళీ అదే కండరం మీద బరువు వేస్తే, పచ్చి స్లాబు మీద నడిచినట్టే.

వారాన్ని ఇలా సర్దుకోండి

మంగళవారం, శుక్రవారం బలం పెంచే వ్యాయామాలు, అరగంటకు మించకుండా. బుధవారం, శనివారం చదునైన దారిలో తేలికగా సైకిల్. పక్కవాడితో మాట్లాడుతూ తొక్కగలిగేంత వేగం చాలు. గురువారం మీకిష్టమైన ఆట, అలసిపోకుండా. ఆదివారం పెద్దవాళ్ళతో కలిసి దూరపు రైడు. సోమవారం పూర్తి విశ్రాంతి.

ఒకసారి లెక్క చూడండి. కష్టమైన రోజులు మూడున్నాయి కానీ ఏ రెండూ పక్కపక్కన లేవు. కిటుకంతా ఇదే. ప్రతి నాలుగో వారం అన్నింటినీ సగానికి తగ్గించండి.

ఇక్కడ తొందరగా తెల్లవారుతుంది కాబట్టి ఉదయం చల్లగా ఉండగానే తొక్కేయవచ్చు. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది, అది గుర్తుంచుకోండి. గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అందుకే దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉండాలి. లేత కొబ్బరి నీళ్ళు దొరికితే మరీ మంచిది. ఇంటికి వచ్చాక అన్నం, పప్పు, గుడ్డో చేపో, ఒక అరటిపండు చాలు. పొడుల డబ్బాలు మీ వయసుకు అక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద మందు నిద్ర. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటలు, అంతకంటే చిన్నవాళ్ళకు 9 నుంచి 12 గంటలు కావాలి. మొబైల్ చూస్తూ పోగొట్టుకున్న నిద్రను ఏ బస్కీలూ తిరిగి ఇవ్వలేవు.

శరీరం చెప్పే మాట

ఉదయం లేవగానే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రాసుకోండి. మీ మామూలు లెక్క కంటే ఎనిమిదో పదో ఎక్కువగా ఉంటే ఆ రోజు తేలికగా గడపండి. నిద్ర సరిగా పట్టకపోవడం, ఆకలి తగ్గడం, ఊరికే చిరాకు రావడం కూడా గుర్తులే. కండరం బిగుసుకుని నొప్పి పుడితే రెండు రోజుల్లో అదే పోతుంది. కీలు నొప్పి అలా కాదు. మోకాలు గుచ్చినట్టు నొప్పి పెడితే ఆపేసి పెద్దవాళ్ళకు చెప్పండి. సీటు మరీ కిందికి ఉన్నా మోకాళ్ళు నొప్పి పుడతాయి. అదీ ఒకసారి చూసుకోండి.

ట్రాన్స్‌ఫర్ వస్తే?

ఇక మనందరికీ తెలిసిన సంగతి. బాగా సాధన కుదిరిన వేళకే ఇంట్లో ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తుంది. ప్యాకింగ్, ఓడ ప్రయాణం, కొత్త స్కూల్లో అడ్మిషన్... మన సామానుతోపాటు సైకిల్ చేరేసరికి వారాలు గడిచిపోతాయి. "చేసిందంతా పోయింది టీచర్" అని పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూశాను.

పోదు. రెండు మూడు వారాలు ఆపితే ఆయాసం కొంచెం తొందరగా వస్తుంది. కాళ్ళ బలం మాత్రం అంత త్వరగా తగ్గదు. ఒకవేళ తగ్గినా, మొదటిసారి సంపాదించడానికి పట్టినంత కాలం రెండోసారి పట్టదు. ఒకసారి నేర్చిన బలాన్ని కండరం గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి కొత్త ఊళ్ళో మొదటి వారం పాత లెక్కలో సగంతో మొదలుపెట్టండి. రెండో వారం ముప్పావు వంతు, మూడో వారం నుంచి మామూలుగా. తొలిరోజే అక్కడి పిల్లలతో పందెం వేసుకోకండి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ రోజు ఏం చేశారు, ఎంత నిద్రపోయారు, నాడి ఎంత అన్న మూడు ముక్కలు రాస్తే చాలు. తెలుగులో రాస్తే మరీ సంతోషం! కొత్త గేమ్స్ సార్‌కు మీరెవరో తెలియకపోవచ్చు, ఆ నోట్‌బుక్ చెబుతుంది. స్కూలు నుంచి టి.సి. తీసుకునే రోజున దాన్ని పెట్టెలో అడుగున కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.

మరి ఈ వారం మీ విశ్రాంతి రోజు ఏది? మొదట అది రాసుకోండి, ఆ తరువాతే వ్యాయామం రోజులు.